లెన్స్ సంగతి తర్వాత, ముందు కారు ఆపే తీరు మార్చండి

మీరు అడిగింది ఇదీ: ఆదివారం పొద్దున్నే ఏలూరు నుంచి కైకలూరు వైపు కారులో వెళ్తారు. దారి పొడవునా పాలపిట్టలు, కొంగలు, లకుముకి పిట్టలు కనిపిస్తాయి. కారు ఆపగానే లేచిపోతాయి. లేవనివాటి ఫోటోలేమో కొన్ని నల్లగా, కొన్ని మసకగా వస్తున్నాయి. మీ దగ్గరున్న 70-300 ఎంఎం లెన్స్ తీసేసి, దూరంగా ఉన్నవాటిని ఇంకా దగ్గరగా చూపించే 150-600 కొనమని తెలిసినవాళ్లు అంటున్నారు, కొనాలా వద్దా? పైగా ఇవన్నీ రోజూ కనిపించే పిట్టలే కదా, వీటి వెనక తిరిగేకన్నా వలస పక్షులకు పేరున్న నేలపట్టో పులికాట్టో వెళ్తే మేలేమో అని ఒక అనుమానం.

లెన్స్ ఇప్పుడే కొనకండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే తేడా అంతా కారు ఎలా ఆపుతున్నారు, ఎటు వెళ్తూ తీస్తున్నారు, ఎన్ని గంటలకు తీస్తున్నారు అన్నదాంట్లోనే ఉంది. ఈ మూడూ సరిచేసుకోకుండా 600 కొంటే దూరం నుంచి ఎగిరిపోతున్న పిట్ట వీపు ఇంకాస్త పెద్దగా కనిపిస్తుంది, అంతే.

రోడ్డు పక్క తీగల మీదా, పొలం గట్ల మీదా ఉండే పిట్టలు పొద్దస్తమానం లారీలు, ఆటోలు, ట్రాక్టర్లు చూస్తూనే ఉంటాయి. తన దారిన తాను పోయే బండిని అవి లెక్కచేయవు. అదే బండి వేగం ఉన్నట్టుండి మారితే అనుమానం వస్తుంది. మనిషి ఆకారం కనిపిస్తే ఇక ఆగవు. మీరు పిట్ట కనబడగానే బ్రేక్ వేసి, సరిగ్గా దానికి ఎదురుగా ఆపి, అద్దం దింపి, చాలక తలుపు కూడా తీస్తున్నట్టున్నారు. వీటిలో ఏ ఒక్కటైనా దాన్ని లేపడానికి చాలు.

మంచి చోట కూర్చున్న పిట్ట కనబడితే మొదటిసారి ఆగకండి. అదే వేగంతో దాటిపోతూ నాలుగు విషయాలు చూసుకోండి: దాని వెనకాల ఏముంది, ఎండ ఎటునుంచి పడుతోంది, పక్కన బండి దింపడానికి చోటుందా, వెనక బస్సు ఏమైనా వస్తోందా. ముందుకెళ్లి తిప్పుకుని, మళ్లీ దాన్ని దాటి, ఇంకోసారి తిప్పుకుని పాత దిశలోనే రండి. ఈలోపు మీ వైపు అద్దం పూర్తిగా దించేసి, కెమెరా ఆన్ చేసి ఒళ్లో పెట్టుకోండి. యాభై గజాల ముందునుంచే వేగం తగ్గించుకుంటూ వచ్చి, పిట్టకు ఎదురుగా కాకుండా నాలుగైదు గజాల ఇవతలే నిలపండి. ఆగాక ఇంజన్ ఆపేయండి. లేకపోతే ఆ అదురు మొత్తం లెన్స్‌లోకి వస్తుంది. మీ మసక ఫోటోల్లో కొన్ని అలా వచ్చినవే అయ్యుంటాయి. ఇంజన్ ముందే ఆపేసి నిశ్శబ్దంగా జారుకుంటూ వెళ్లమని కొందరు సలహా ఇస్తారు. ఆ పని మాత్రం వద్దు. స్టీరింగ్ బిగిసిపోతుంది, బ్రేక్ గట్టిపడుతుంది, మన రోడ్లకు పక్కనే కాలువ.

ఆగిన వెంటనే కెమెరా ఎత్తకండి. ఒకటి రెండు నిమిషాలు ఊరికే కూర్చోండి. పిట్ట మిమ్మల్ని చూస్తుంది, మెడ నిక్కిస్తుంది, కాసేపటికి మళ్లీ కిందకి చూసుకోవడమో, ఈకలు దువ్వుకోవడమో మొదలుపెడుతుంది. అప్పుడు లెన్స్‌ను నిదానంగా కిటికీ అంచు దాకా తీసుకురండి, బయటికి చాచకండి. అవతలివైపు అద్దానికి ఎండ ఆపే నల్ల తెర వేసుకోండి. అది లేకపోతే అటు వెలుతురులో మీ తల, భుజాలు స్పష్టంగా నీడలా కనిపిస్తాయి. బండిలో ఉన్నా దిగినట్టే లెక్క.

అన్ని పిట్టలకూ ఒకే దూరం పనిచేయదు. నల్లగా, తోక చీలి ఉండే ఏట్రింతకు, అదే పసులపోలిగాడికి, జంకు లేదు. కాకిని, గద్దను కూడా తరిమే రకం, మీ కారును పట్టించుకోదు. పచ్చటి పసిరికలు కూడా చాలా దగ్గరికి రానిస్తాయి. లకుముకి పిట్ట మాత్రం పెద్ద అనుమానం పిట్ట, చాలాసార్లు మీరు వేగం తగ్గిస్తుండగానే లేస్తుంది. కాబట్టి చేయి కుదిరేదాకా పసులపోలిగాడితో, పసిరికతో మొదలుపెట్టండి. లకుముకి కోసం తర్వాత చూడొచ్చు.

ఇప్పుడు దిశ. దీన్ని ఎవరూ చెప్పరు కానీ మీ రోడ్డుకు ఇది అచ్చంగా సరిపోతుంది. మన కార్లలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు. ఏలూరు నుంచి కైకలూరు కాస్త తూర్పుకు వాలినా దాదాపు దక్షిణమే. అటు వెళ్తున్నప్పుడు మీ కిటికీ పడమర వైపు ఉంటుంది. పొద్దున సూర్యుడు మీ వెనకనుంచి, అంటే తూర్పునుంచి, రోడ్డుకు పడమర పక్కనున్న పిట్టల మీద నేరుగా పడతాడు. రంగులన్నీ విచ్చుకుంటాయి, కంట్లో మెరుపు వస్తుంది. సాయంత్రం కైకలూరు నుంచి తిరిగి వస్తుంటే అదే కిటికీ తూర్పు వైపుకు తిరుగుతుంది, ఎండ పడమరనుంచి వస్తుంది. అంటే పొద్దున వెళ్లేటప్పుడు, సాయంత్రం వచ్చేటప్పుడు తీయాలి. మీరు పొద్దున వెళ్లి తొమ్మిది, పదింటికి తిరిగొస్తూ తీస్తున్నట్టున్నారు. అప్పుడు మీ కిటికీ నేరుగా సూర్యుడి వైపే ఉంటుంది. నల్లగా వచ్చేవి అవే. పక్కన ఇంకొకరు డ్రైవ్ చేస్తూ మీరు ఎడమవైపు కూర్చుంటే ఈ లెక్క తిరగబడుతుందని గుర్తుంచుకోండి.

ఒంటరిగా వెళ్లినప్పుడు స్టీరింగ్ చేతిలో ఉండగా కెమెరా పట్టుకోవద్దు. చెప్పక్కర్లేదు అనుకుంటారు కానీ చూస్తూనే ఉన్నాం. 16వ నంబరు హైవే మీద పిట్ట కోసం అసలు ఆగకండి. లోపలి రోడ్ల మీద కూడా మలుపు దగ్గర, వంతెన మీద ఆపకూడదు; బండి పూర్తిగా తారు దిగేంత చోటుంటేనే ఆపాలి, పార్కింగ్ లైట్లు వేయాలి. వానాకాలంలో బండిని రోడ్డు అంచు దింపేముందు నేల చూసుకోండి. కొల్లేరు బంకమట్టిలో చక్రం కూరుకుపోతే ట్రాక్టర్ పిలవాల్సిందే.

ఎండ గురించి ఇంకో రెండు ముక్కలు. శీతాకాలంలో మనకు ఆరున్నర ప్రాంతంలో తెల్లారుతుంది, ఎండాకాలంలో ఐదున్నర దాటగానే. పొద్దుటి పూట తెల్లారిన తర్వాతి రెండు గంటలే మీవి. ఆ తర్వాత తారు వేడెక్కి, పొలాల మీదనుంచి ఆవిరి లేచి, గాలి అలలు అలలుగా కదులుతుంది. కంటికి తెలియకపోవచ్చు, 300 దగ్గర ఫోటో తీస్తే ఈకల గీతలన్నీ అలికేసినట్టు వస్తాయి. లెన్స్ ఎంత ఖరీదైనదైనా దీనికి మందు లేదు. ఎంత పొడుగు లెన్స్ పెడితే మధ్యలో అంత గాలి, అంత మసక. తొమ్మిది దాటాక తీసిన మసక ఫోటోలు చూసి లెన్స్‌ను తిట్టుకునేవాళ్లు బోలెడుమంది.

ఏసీ కూడా ఇలాంటిదే. అద్దాలు మూసి ఏసీ వేసుకుని వెళ్లి, పిట్ట కనబడగానే అద్దం దింపితే చల్లగాలి, వేడిగాలి కిటికీ దగ్గరే కలుస్తాయి, వాటి గుండా తీసిన ఫోటో కాస్త చెదిరినట్టు వస్తుంది. మన తేమకు చల్లబడ్డ లెన్స్ గాజు మీద మబ్బు కూడా పడుతుంది. తుడిచినకొద్దీ మళ్లీ వస్తుంది. ఊరు దాటాక ఏసీ ఆపేసి అద్దాలు దింపుకోండి. చెమట పడుతుంది, తప్పదు. పైగా చెవులకు పని దొరుకుతుంది. పసిరిక ‘ట్రీ ట్రీ’ అనడం, జెముడుకాకి పొదలోంచి ‘ఊప్ ఊప్’ అనడం అద్దం మూసుకుంటే వినబడవు.

కెమెరా ఆనించడానికి స్టాండ్లు, క్లాంపులు కొనొద్దు. పాత జీన్స్ ప్యాంటు కాలు మోకాలి దాకా కత్తిరించి, ఒక పక్క కుట్టి, జొన్నలో బియ్యమో ముప్పావు వంతు నింపి, రెండో పక్క కుట్టేయండి. కిటికీ అంచు మీద రెండు పక్కలా వాలేలా వేస్తే లెన్స్ దాని మీద కదలకుండా కూర్చుంటుంది. ఊక పోయకండి, తేలిక కదా అనిపిస్తుంది కానీ కుదురు ఉండదు. మరీ బిగువుగా నింపితే లెన్స్ దొర్లుతుంది.

సెట్టింగులు ఎక్కువ మాట్లాడను. కూర్చున్న పిట్టకు షటర్ వేగం సెకనులో 1/500 వంతు కన్నా తగ్గనివ్వకండి, ఎగిరేదానికి 1/2000 దగ్గర పెట్టండి. ఐఎస్ఓను, అంటే వెలుతురుకు సెన్సార్ స్పందించే స్థాయిని, ఆటోలో వదిలేయండి. ఫోటోలో గింజలు పడితే తర్వాత కొంత బాగుచేసుకోవచ్చు, కదిలిన ఫోటోను ఎవరూ బాగుచేయలేరు. 70-300 లెన్సులు చాలావరకు 300 చివర కాస్త మెత్తగా ఉంటాయి. వెలుతురు బాగుంటే లెన్స్ ద్వారాన్ని (అపర్చర్) ఎఫ్8కి తెచ్చుకోండి, తేడా కనిపిస్తుంది. ఫోకస్ కంటి మీద ఉండాలి. రెక్క కాస్త మసకైనా ఫర్వాలేదు, కన్ను మసకైతే ఆ ఫోటో చూడబుద్ధి కాదు.

నల్లటి ఫోటోలకు దిశ కాక ఇంకో కారణం ఉంది. తీగ మీద పిట్ట, వెనకాల తెల్లటి ఆకాశం. కెమెరా ఆ వెలుగంతా చూసి ఫోటోను చీకటి చేస్తుంది, పిట్ట బొగ్గు ముక్కలా తేలుతుంది. అప్పుడు ఫోటో వెలుగును పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ సవరణను ప్లస్ 1 దాకా పెంచాలి. దీనికి సరిగ్గా తిరగబడేది దమ్ము చేసిన, అంటే నాట్లకు ముందు నీళ్లు పెట్టి దున్నిన, నల్లటి మడిలో తెల్ల కొంగ. కెమెరా బురదను చూసి ఫోటోను వెలిగించేస్తుంది, కొంగ మీద ఈకలన్నీ తెల్ల సున్నం అయిపోతాయి. మైనస్ 1కి దించండి. తెల్లదనం ఒకసారి పోయిందంటే కంప్యూటర్లో కూడా తిరిగి రాదు. అందుకే కొంగల విషయంలో ఫోటో కాస్త చీకటిగా ఉన్నా దిగులు పడొద్దు.

కొంగలంటే గుర్తొచ్చింది. మన ప్రాంతంలో బండిలోంచి పిట్టల ఫోటోలు తీయడానికి దమ్ము రోజులంత మంచి కాలం లేదు. సార్వాకు (వానాకాలం వరి) జూన్, జులైల్లో, దాళ్వాకు (రెండో పంట వరి) డిసెంబర్, జనవరిల్లో. కేజ్‌వీల్స్ (బురదలో తిరిగే ఇనుప చక్రాలు) వేసిన ట్రాక్టర్ మడిలో తిరుగుతుంటే దాని వెనకాలే తెల్ల కొంగలు, గోరింకలు, పసులపోలిగాళ్లు మూగుతాయి. చక్రాలు తిప్పేసిన మట్టిలోంచి పురుగులు, కప్పపిల్లలు పైకి లేస్తాయి కదా, వాటి కోసం. ఆ ఆత్రంలో వాటికి మీ కారూ పట్టదు, ట్రాక్టర్ మోతా పట్టదు. ట్రాక్టర్ మడి చివర తిరిగే మూల ఎక్కడో చూసి, అక్కడ రోడ్డు పక్కన ఆపుకుని కూర్చోండి. ప్రతి చుట్టుకూ కొంగల గుంపు మీ దగ్గరికి వచ్చి వెళ్తుంది. మొదటి చుట్టు చూడండి, రెండో చుట్టుకు తీయండి. ట్రాక్టర్ ఉన్న మూల వదిలేసి దాని వెనక పది గజాల దూరంలో ఫోకస్ పెట్టుకుంటే, కొంగ దిగుతూ రెక్కలు విప్పి కాళ్లు ముందుకు చాచే క్షణం దొరుకుతుంది. వానాకాలం ముచ్చట ఇంకోటుంది. పశువుల వెంట తిరిగే తెల్ల కొంగలకు తల, మెడ పసుపు నారింజ రంగు తిరుగుతాయి. మామూలుగా మట్టిరంగులో ఉండే గుడ్డికొంగ వీపు ముదురు ఎరుపు అవుతుంది. ఏడాదంతా చూసే పిట్టే, ఇదేం కొత్త కొంగ అని అడిగేవాళ్లుంటారు. జూన్ తర్వాత తీస్తే ఈ వేషం దొరుకుతుంది, డిసెంబర్లో దొరకదు.

తీగ మీద కూర్చున్న పిట్ట అందంగా రాదు. తీగ అడ్డంగా పోతుంది, కింద నుంచి తీస్తాం కాబట్టి పొట్టే కనిపిస్తుంది. దానికి బదులు పొలాల్లో పాతే పక్షి స్థావరాలు చూడండి. మినుము, శనగ, పత్తి చేలల్లో పురుగులు తినే పిట్టలు వాలడానికి టీ ఆకారంలో కర్రలు పాతమని వ్యవసాయ శాఖవాళ్లు చెప్తుంటారు, ఎకరాకు పదో పన్నెండో ఉంటాయి. పాలపిట్టకు, పసులపోలిగాడికి అవి సింహాసనాలు. రోడ్డునుంచి చూస్తే కంటి ఎత్తులో ఉంటాయి, వెనకాల దూరంగా పచ్చటి చేను. కైకలూరు రోడ్డు చాలాచోట్ల గట్టు మీద ఉంటుంది కాబట్టి కింది పొలాన్ని పైనుంచి చూస్తున్నట్టు వస్తుంది. రోడ్డూ చేనూ ఇంచుమించు సమానంగా ఉన్న చోట్లు ముందే గుర్తుపెట్టుకోండి. కర్ర మీద పాలపిట్ట అలాంటి చోటే పూర్తిగా వస్తుంది.

పాలపిట్టతో కాస్త ఓపిక కావాలి. అది ఊరికే కూర్చుంటే మట్టిరంగు పిట్టే, రెక్క విప్పితేనే ఆ రెండు నీలాలు. అందరూ అది లేచేటప్పుడు బటన్ నొక్కుతారు, అప్పటికే తోకే కనిపిస్తుంది. దాని వేట గమనించండి. తల ఓ పక్కకు వంచి కిందకు చూస్తుంది, ఒళ్లు దగ్గరికి తీసుకుంటుంది, నేల మీదికి వాలి మిడతనో తేలునో పట్టుకుంటుంది. చాలాసార్లు తిరిగి అదే కర్ర మీదికి వచ్చి, పట్టినదాన్ని కర్రకేసి కొట్టి మింగుతుంది. కాబట్టి ఫోకస్ కర్ర మీద అలాగే ఉంచి, తిరిగి వచ్చేటప్పుడు వరసగా నొక్కండి. ముఖం మీ వైపు, రెక్కలు పూర్తిగా విప్పి, నోట్లో మిడత. పసిరిక కూడా ఇంతే, తేనెటీగను పట్టుకొచ్చి అదే కొమ్మకేసి కొట్టి ముల్లు పోగొట్టుకుని మింగుతుంది. ఇంకో గుర్తు: పిట్టలు సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తాయి, ఎదురుగా వాలతాయి. గాలి మీ వెనకనుంచి వీస్తుంటే అవి మీ వైపే లేస్తాయి. లేవబోయే ముందు చాలాసార్లు రెట్ట వేస్తాయి కూడా. అది కనబడగానే వేలు బటన్ మీద ఉండాలి.

ఇవి రోజూ కనిపించేవే కదా అన్నారు. అదే మీ బలం. నేలపట్టులో ఒక్కరోజు గడిపితే మంచి గూడబాతుల (పెలికాన్ల) ఫోటోలు వస్తాయి, వెళ్లండి, బాగుంటుంది. కానీ ఒక పాలపిట్ట ఏ కర్ర మీద కూర్చుంటుంది, ఎన్నింటికి వస్తుంది, ఎంత దూరం రానిస్తుంది అన్నది మీ రోడ్డు మీద మీకు తెలిసినట్టు అక్కడ తెలియదు. ఇంకా చెప్పాలంటే ఇవి ఎప్పటికీ ఇలాగే కనిపిస్తాయన్న భరోసా లేదు. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితిగతుల నివేదిక, దేశంలో తగ్గిపోతున్న మామూలు పక్షుల్లో పాలపిట్టను కూడా చెప్పింది. తెలంగాణకు అది రాష్ట్ర పక్షి. మన ఆంధ్రకు కూడా 2018లో రామచిలుకను ఎంచుకునేదాకా అదే. దసరాకు దాన్ని చూస్తే మంచిదని పంజరంలో పెట్టి తెచ్చి చూపించి డబ్బులడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం, డబ్బులిచ్చి ప్రోత్సహించొద్దు. మీ దారిలో తీగ మీద ఉన్నదాన్ని చూపించండి మీ పిల్లలకి. వెళ్లినప్పుడల్లా ఏ పిట్టలు ఎన్ని కనిపించాయో ఫోన్లో, పక్షుల లెక్కలు నమోదుచేసే ఈబర్డ్ యాప్‌లో రాసి పెట్టండి, ఫోటోల కన్నా అది ఎక్కువ పనికొచ్చినా ఆశ్చర్యం లేదు.

వానలు పడ్డాక గిజిగాడిని మాత్రం వదలకండి. కాలువ మీదికి వంగిన ఈత, తాటి, తుమ్మ చెట్లకు గూళ్లు వేలాడుతుంటాయి. నైరుతి గాలి కొట్టకుండా ఎక్కువగా చెట్టుకు తూర్పు పక్కన అల్లుకుంటాయి. అంటే రోడ్డుకు పడమర పక్కనున్న చెట్టయితే గూళ్లు మీ వైపే తిరిగి ఉంటాయి, పొద్దుటి ఎండ వాటి మీదే పడుతుంది, మీరు ఏలూరు నుంచి వెళ్తుంటే కిటికీ కూడా అటే. ఇంతకన్నా ఏం కావాలి. నెత్తిన పసుపు టోపీ, ముఖాన నల్ల ముసుగు ఉన్నది మగది. వరి ఆకు అంచును ముక్కుతో గాటు పెట్టి, ఒక్క ఊపున ఎగురుతూ పొడవాటి పీచు చీల్చుకుని వస్తుంది. గూడు సగం అయ్యి, హెల్మెట్‌లా ఉన్నప్పుడు దానికి వేలాడుతూ రెక్కలు ఆడించి ఆడదాన్ని పిలుస్తుంది. ఆడది వచ్చి లోపల అటూ ఇటూ లాగి చూస్తుంది. నచ్చితే మగది కింద గొట్టంలాంటి దారి అల్లి పూర్తిచేస్తుంది, నచ్చకపోతే ఆ గూడు అలాగే ఉండిపోయి పక్కన ఇంకోటి మొదలవుతుంది. ఆ సగం గూళ్ల దగ్గరే అసలు సందడంతా ఉంటుంది కాబట్టి పూర్తయిన గూళ్లు కాకుండా వాటిని చూసి ఆపుకోండి. కాలువ అవతల గట్టు మీదనుంచి, బండిలోనే కూర్చుని తీస్తే వాటి పని ఆగదు. కొమ్మలు వంచడం, గూడు దగ్గరికి నడిచి వెళ్లడం వద్దు.

గూళ్ల మాట వచ్చింది కాబట్టి తీతువు గురించి కూడా. మీరు దిగగానే తలమీద తిరుగుతూ అదేపనిగా అరుస్తోందంటే దగ్గర్లో నేల మీద గుడ్లున్నాయని అర్థం. మట్టి గడ్డల్లో కలిసిపోయి ఉంటాయి, కాలు పడేదాకా కనబడవు. ఎండకు గుడ్లు వేడెక్కకుండా పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి వాటి మీద కూర్చునే పిట్ట అది. మీరు అక్కడ నిలబడ్డంతసేపూ గుడ్లు ఎండకు ఎండుతాయి. వెంటనే బండెక్కి వెళ్లిపోండి. పిట్టల కూతలు ఫోన్లో పెట్టి పిలవడం, గుంపు లేవడానికి రాళ్లు విసరడం, హారన్ కొట్టడం కూడా చేస్తుంటారు. మీ పిల్లవాడు అలా చేయడం నేర్చుకోకుండా చూసుకోండి.

చేపల చెరువుల దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. అక్కడ పిట్టలు ఎక్కువే కానీ బెదురు కూడా ఎక్కువ. నీటికాకులు, కొంగలు పిల్లచేపల్ని ఎత్తుకుపోతాయని కాపలావాళ్లు డబ్బాలు కొడతారు, టపాసులు కాలుస్తారు, నీళ్ల మీద అడ్డంగా తాళ్లు కడతారు. అందుకే చెరువు గట్టు మీద కారు ఆగితే చాలు, అన్నీ లేచిపోతాయి. అరకిలోమీటరు అవతల వరి మడి పక్కన అదే కొంగ మిమ్మల్ని పట్టించుకోదు. కాపలావాళ్లకు పక్షుల మీద ఉపన్యాసం ఇవ్వకండి, నష్టం వాళ్లది. పెద్ద లెన్స్ చూస్తే సర్వే అధికారులనుకుంటారు. 2006లో ప్రభుత్వం కొల్లేరులో అక్రమ చేపల చెరువుల గట్లు కొట్టేసిన దగ్గర్నుంచి ఆ భయం ఉంది. దిగి నమస్కారం పెట్టి, ఏ ఊరు, ఏం పని అని చెప్పి, తీసిన ఫోటో ఒకటి చూపిస్తే చాలు. ఏ గట్టు మీద ఏ పిట్ట ఎన్నింటికి వాలుతుందో వాళ్లకు తెలిసినంత మరెవరికీ తెలియదు, వాళ్లే చెప్తారు. అడక్కుండా గట్టు ఎక్కడం మాత్రం పద్ధతి కాదు.

కైకలూరు దాకా వెళ్తున్నారు కాబట్టి చలికాలంలో దగ్గర్లోని అటపాక పక్షుల కేంద్రం ఎలాగూ చూస్తారు. చెరువులో చెట్ల మీద, వాటి కోసం నిలబెట్టిన స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. అక్కడ 300 ధారాళంగా సరిపోతుంది, ఎగిరేటప్పుడైతే ఎక్కువే అవుతుంది. అంత పెద్ద పిట్ట నెమ్మదిగా, ఒకే దారిలో గుండ్రంగా తిరుగుతూ దిగుతుంది కాబట్టి ఎగిరే పిట్టను కెమెరాతో వెంబడించడం నేర్చుకోవడానికి దానికన్నా మంచి మాస్టారు దొరకదు.

ఇక 150-600. మీది చిన్న సెన్సార్ కెమెరా అన్నారు, అందులో 300 అంటే ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) కెమెరా మీద సుమారు 450 తీసినంత దగ్గరగా కనిపిస్తుంది. కారులోంచి, పైన చెప్పినట్టు ఆపితే, కొంగకు, పాలపిట్టకు, పసులపోలిగాడికి అది చాలు. పసిరికకు, గిజిగాడికి కాస్త కత్తిరించుకోవాలి. 150-600 లెన్సులు దాదాపు 2 కిలోలు ఉంటాయి. కారు సీట్లో కూర్చుని, స్టీరింగ్‌కు తగలకుండా వాటిని అటూ ఇటూ తిప్పడం అనుకున్నంత సులభం కాదు. ఈ దాళ్వా దమ్ములు, వచ్చే వానాకాలం గిజిగాళ్లు రెండూ 300తో తీయండి. అప్పటికీ ఫోకస్, షటర్, ఎండ అన్నీ సరిగ్గా ఉండి, కేవలం పిట్ట చిన్నదిగా వస్తోందన్న ఒక్క కారణంతో ఫోటోలు పారేస్తున్నారంటే అప్పుడు కొనండి. కొనే ముందు విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఒక వారాంతానికి అద్దెకు తెచ్చుకుని ఇదే రోడ్డు మీద, ఇదే కారు కిటికీలోంచి వాడి చూడండి. ఈలోపు వచ్చే ఆదివారం తీసిన వాటిలో బాగా రానివే నాలుగు, టైమూ షటర్ వివరాలతో ఇక్కడ పెట్టండి, ఎక్కడ తేడా కొట్టిందో చూద్దాం.